బఫేలో టిప్పు ఎవరికి?

రేణిగుంట రోడ్డులో ఓ మోస్తరు పెద్ద హోటల్. ఆదివారం మధ్యాహ్నం బఫే. ఇంటిల్లిపాదీ ఐదుగురు తిన్నారు, బిల్లు నాలుగు వేలు దాటింది. సోంపు గిన్నెతో పాటు నల్లటి ఫోల్డరు టేబుల్ మీదికొచ్చింది. "పది శాతం పెడదాం మామా, మా దగ్గర బఫేకి అంతే ఇస్తారు" అన్నాడు డాలస్ నుంచి దిగిన అల్లుడు. "లేచి పోయి పెట్టుకున్నది మనం. నాలుగుసార్లు తిరిగింది నేను. ఇస్తే గిస్తే ఆ టిప్పు నాకే ఇయ్యాల" అన్నాడు మామ. వాళ్ల వాదన తేలేలోపు అత్తగారు యాభై నోటొకటి ఫోల్డరులో పెట్టి మూసేసింది.

యాత్రికుల ఊరు కాబట్టి తిరుపతి హోటళ్లలో ఇలాంటి బేరసారాలకు లోటు లేదు. బఫే దగ్గర నిలబడే మనిషికి, టేబుల్ దగ్గరికొచ్చి వడ్డించే మనిషికి ఒకే టిప్పు ఇవ్వాలా? ఇద్దరికీ ఒకే మొత్తం ఇవ్వాలన్న పట్టుదల నాకు లేదు. కానీ బఫేలో తగ్గించడానికో, ఎగ్గొట్టడానికో మనం చెప్పుకునే కారణం, అదే "మనమే పెట్టుకున్నాం కదా" అన్న మాట, అంత నిలబడేది కాదు. అల్లుడు చెప్పిన పది శాతం కూడా ఇక్కడ అతికేది కాదు. రెండూ ఎందుకో చూద్దాం.

ముందు పని సంగతి. టేబుల్ సర్వరు చేసేది మన కళ్ల ముందే జరుగుతుంది. మెనూ ఇస్తాడు, ఆర్డరు రాసుకుంటాడు, వంటింటికి కేఓటీ (ఆర్డరు చీటీ) పంపిస్తాడు, పిల్లాడికి కారం వద్దన్న మాట గుర్తుపెట్టుకుంటాడు, రోటీ చల్లారకముందే కూర తెస్తాడు. ఏదైనా ఆలస్యమైతే మన చిరాకు పడేది అతని మీదే. బిల్లు తెచ్చేదీ అతనే. గంటసేపట్లో ఒక ముఖం, ఒక పలకరింపు ఏర్పడతాయి.

బఫే మనిషికి ఆ పలకరింపు ఉండదు. పని మాత్రం ఉంటుంది. గదితో పాటు టిఫిన్ కలిపి ఇచ్చే హోటల్లో పొద్దున ఎనిమిదిన్నరకు వెళ్లి ఓ పక్కన నిలబడితే తెలుస్తుంది. తెల్లవారుజామున దర్శనం చేసుకుని కొండ దిగినవాళ్లు, కాణిపాకానికో శ్రీకాళహస్తికో బయలుదేరాల్సినవాళ్లు ఒక్కసారే దిగుతారు. ఒక టూరు బస్సు వచ్చిందంటే నలభై మంది. ఇడ్లీ ఉన్న చేఫింగ్ డిష్ (వేడి తగ్గకుండా ఉంచే పాత్ర) ఐదు నిమిషాల్లో అడుగు కనబడుతుంది. ఖాళీ ట్రే ఎత్తి, కింద మరుగుతున్న నీళ్ల ఆవిరి చేతికి తగలకుండా కొత్త ట్రే దించాలి. కింద మంట ఆరిపోయిందేమో వంగి చూడాలి. సాంబారు గరిటె చట్నీలోకి, చట్నీ గరిటె పొంగలిలోకి వెళ్లిపోయి ఉంటాయి, వాటిని మళ్లీ వాటి చోట పెట్టాలి. నేల మీద ఒలికిన సాంబారు ఎవరో జారిపడకముందే తుడవాలి. ఈలోపు లోపల టేబుళ్ల మీద పళ్లేలు పేరుకుంటాయి.

ఆ పళ్లేల దగ్గరే ఉంది అసలు సంగతి. బఫేలో ఒక మనిషి ఒక పళ్లెంతో సరిపెట్టుకోడు. టిఫినుకొకటి, పండ్ల ముక్కలకొకటి, బ్రెడ్డుకొకటి, మళ్లీ దోశకొకటి. టేబుల్ మీద భోజనం చేసినప్పటికంటే ఎక్కువ పళ్లేలు ఎంగిలవుతాయి. సగం తిని వదిలేసిన ఉప్మా, పీల్చిపారేసిన మునక్కాడ ముక్కలు, చేతులు తుడుచుకుని పడేసిన కాగితాలు, అన్నీ ఒక పళ్లెంలోకి గీకి, మిగతావి కింద పేర్చి, చెంచాలు విడిగా తీసి, ఎడమ చేతి మీద ఆ దొంతర మోసుకుంటూ జనం మధ్యలోంచి వెళ్లాలి. తర్వాత బల్ల తుడవాలి. రెండో నిమిషంలో అక్కడ ఇంకో కుటుంబం కూర్చుంటుంది.

మన టిఫిన్ హోటళ్లలో ఈ రెండు పనులకూ ఇద్దరు మనుషులుంటారు. ఇడ్లీ తెచ్చే సర్వరు వేరు. టబ్బు, తడిగుడ్డ పట్టుకుని ఎంగిలి పళ్లేలు తీసే క్లీనరు వేరు. పది రూపాయలు వదిలేసినప్పుడు మన మనసులో ఉండేది సర్వరే. క్లీనరుకిచ్చేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ కుర్రాడి ముఖం కూడా చూడం, కాళ్లు కొంచెం పక్కకు జరుపుతాం, అంతే. వడ్డించే చేతికి మనం మర్యాద ఇస్తాం. ఎంగిలి ఎత్తే చేతిని చూడనట్టుంటాం. ఇది ఈ రోజు పుట్టిన అలవాటు కాదు, హోటళ్లతో పుట్టిందీ కాదు. ఎవరి ఎంగిలి ఎవరెత్తాలన్న లెక్క ఈ దేశంలో చాలా పాతది, దాని వెనక కులం ఉంది.

బఫేలో వడ్డన మన చేతికొచ్చింది. మిగిలిన పనిలో పెద్ద భాగం ఎంగిలెత్తడమే. కాబట్టి "మనమే పెట్టుకున్నాం" అన్నప్పుడు మనం అంటున్నది వేరే మాట: వడ్డన ఒక్కటే సేవ, మిగతాది లెక్కలోకి రాదు అని. నాకు అభ్యంతరం ఇక్కడే. తిన్న పళ్లెం మనమే తీసుకెళ్లి కడిగే చోట పెడితే అప్పుడు మామ మాటకు బలం ఉంటుంది. అలా ఎవరూ చేయరు. కాలేజీ హాస్టలు దాటాక పళ్లెం ఎత్తే అలవాటు అందరికీ పోతుంది.

ఇంకో కారణం కూడా ఉంది, దానికి కులంతో, మర్యాదతో సంబంధం లేదు. టిప్పు పని వెంట నడవదు, బిల్లు వెంట నడుస్తుంది. డబ్బు ఎప్పుడు, ఎవరి చేతికి ఇస్తున్నామన్న దాన్నిబట్టి టిప్పు పడుతుంది. భోజనం హోటల్లో ముందే గల్లా దగ్గర టోకెన్ కొనుక్కుంటాం. ఆ తర్వాత అరిటాకు ముందు కూర్చున్నవాడికి పప్పు, వేపుడు, సాంబారు, రసం, పెరుగు అంటూ ఒక సర్వరు పదిసార్లు వస్తాడు. "అన్నా, ఇంకొంచెం నెయ్యి" అంటే వెనక్కి తిరిగొస్తాడు. వడ్డనలో అంతకు మించిన కష్టం ఎక్కడా లేదు. అయినా అక్కడ టిప్పు తక్కువ, చాలామంది అసలే ఇవ్వరు. ఎందుకంటే తినడం అయ్యాక డబ్బు తీసే సందర్భం రాదు. చెయ్యి కడుక్కుని బయటపడతాం. అదే ఏసీ గదిలో ఒక ప్లేటు నూడుల్స్ తెచ్చిపెట్టిన మనిషికి ఫోల్డరు పుణ్యమా అని యాభై వస్తుంది.

గదితో కలిపిన బఫేలోనూ ఇదే జరుగుతుంది. తలుపు దగ్గర ఒకమ్మాయి లిస్టు పట్టుకుని రూము నంబరు టిక్కు పెట్టుకుంటుంది. అంతే, బిల్లు లేదు. గది ఖాళీ చేసేటప్పుడు లగేజీ మోసిన కుర్రాడికి ఇస్తాం, కారు తలుపు తీసినవాడికి కూడా ఇస్తాం. రెండు పూటలు మన పళ్లేలు తీసినవాడు ఆ సమయానికి ఇంకో బస్సు జనంతో సతమతమవుతుంటాడు. వాడు కనబడడు, మనకు గుర్తుకురాడు.

ఇక అల్లుడి పది శాతం. అమెరికాలో ఆ లెక్క గాల్లోంచి పుట్టలేదు. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం, టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి అది మారలేదు. సాధారణ ఫెడరల్ కనీస వేతనం 7.25 డాలర్లు, అది 2009 నాటిది. రెంటికీ మధ్య తేడా టిప్పులతో పూడాలి, పూడకపోతే యజమాని కలపాలి. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు ఈ పద్ధతి ఒప్పుకోవు, అక్కడ పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. కానీ చాలా రాష్ట్రాల్లో కస్టమరు వదిలే డబ్బు సర్వరు జీతంలో భాగం. అందుకే టేబుల్ సర్వీసుకు పదిహేను నుంచి ఇరవై శాతం, బఫేకి పది శాతం అన్న మర్యాద అక్కడ స్థిరపడింది. మంచినీళ్లు, కాఫీ తెచ్చి పళ్లేలు తీసేవాడికి సగం అన్నమాట. అల్లుడు అక్కడ ఆ పది శాతం ఇవ్వకపోతే నిజంగానే ఒకరి జీతానికి కోత పడుతుంది.

మన దగ్గర ఆ లెక్క లేదు. 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లోనూ "టిప్పులొస్తాయి కదా" అని కనీస వేతనం తగ్గించే వెసులుబాటు యజమానికి లేదు. కస్టమరు ఇచ్చేది జీతం మీద అదనం. 2016లో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు కూడా కస్టమర్లు కార్డు మీద ఇచ్చి, హోటల్ ఉద్యోగులకు పంచిన టిప్పుల్ని జీతంగా లెక్కగట్టడానికి లేదనీ, వాటి మీద హోటల్ టీడీఎస్ (జీతంలోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయనక్కరలేదనీ తేల్చింది. డబ్బు హోటల్ చేతి మీదుగా వెళ్లినా అది యజమాని ఇచ్చినట్టు కాదు, కస్టమరు ఇచ్చినట్టే. కాగితం మీద చట్టం ఉన్నంత మాత్రాన అందరికీ ఆ వేతనం అందుతోందని నేను అనను. కానీ జీతం తక్కువిచ్చే యజమాని లోటు పూడ్చడం మన పని అని ఒప్పుకుంటే, రేపు ఇక్కడా 2.13 లాంటి ఏర్పాటుకు మనమే తలుపు తీసినట్టవుతుంది.

శాతం లెక్కలో ఇంకో తిరకాసు ఉంది. టేబుల్ దగ్గర ఎనభై రూపాయల దోశ తెచ్చినా, మూడు వందల యాభై పనీరు కూర తెచ్చినా మోసేది ఒక పళ్లెమే. శాతం ప్రకారం చూస్తే రెండోదానికి నాలుగింతలు. బఫేలో తలకింత అని ధర ఉంటుంది కాబట్టి చిత్రంగా అక్కడే లెక్క కాస్త న్యాయంగా కుదురుతుంది: ఎక్కువ మంది వస్తే ఎక్కువ పళ్లేలు, ఎక్కువ పని. అందుకని బఫేకి తలకింత అని ఇవ్వడమే నాకు సబబనిపిస్తుంది. మనిషికి ఇరవయ్యో ముప్పయ్యో. ఐదుగురికి నూరు, నూట యాభై. బిల్లు ఎంతన్నది చూడక్కరలేదు. అత్తగారి యాభై తక్కువే అయినా ఆవిడ నోటు తీసిన తీరు మిగతా ఇద్దరి లెక్కలకంటే దగ్గరగా ఉంది.

అన్ని బఫేలూ ఒకటి కాదన్నది కూడా చూడాలి. టేబుల్ మధ్యలో నిప్పుల పొయ్యి పెట్టి, కాల్చిన ముక్కలు వద్దనేదాకా తెచ్చిపెట్టే రకం ఇప్పుడు బాగా పెరిగింది. అది పేరుకే బఫే, ఆ మనిషి టేబుల్ సర్వరు కంటే ఎక్కువ తిరుగుతాడు. అక్కడ తగ్గించడానికి సాకే లేదు. పొద్దున బఫేలో దోశ గానీ, ఆమ్లెట్టు గానీ అడిగినట్టు వేసిచ్చే లైవ్ కౌంటరుంటుంది. పెనం సెగ ముందు నిలబడ్డ ఆ వంటమనిషికి ఇవ్వాలని మనకు తోస్తుంది కూడా, ఎందుకంటే అతను మనతో మాట్లాడతాడు, "కారం దోశనా స్వామీ, ప్లెయినా?" అంటాడు. ఇవ్వండి, తప్పులేదు. కానీ వెనక పళ్లేలు తీసేవాడికి కూడా అదే రోజు, అదే చేత్తో ఇవ్వండి.

ఇచ్చిన డబ్బు ఎవరికి చేరుతుందన్నది ఇంకో చిక్కు. టేబుల్ దగ్గర చేతికిస్తే చేతిలోనే ఉంటుంది, లేదా సాయంత్రానికి డబ్బాలో పడుతుంది. డబ్బా ఉన్నచోట పంపకం రకరకాలు. కొన్నిచోట్ల అందరికీ సమానం. కొన్నిచోట్ల హోదాను బట్టి పాయింట్లు, సర్వర్లకు పెద్దయిన క్యాప్టెనుకెక్కువ, కొత్త కుర్రాడికి తక్కువ. ట్రైనింగు కోసం వచ్చిన పిల్లలకు వాటా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. తిరుపతిలో స్టేట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్ ఉంది, ఇండియన్ క్యులినరీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. హోటల్ చదువు చదివే పిల్లలు ట్రైనింగులో చేరగానే తరచుగా నిలబడేది బఫే దగ్గరే, చేతికొచ్చేది స్టైపెండే.

బ్రిటన్‌లో ఈ పంపకానికి చట్టమే తెచ్చారు. 2023లో పార్లమెంటు ఆమోదించిన ఆ చట్టం 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. టిప్పుల్లో యజమాని పైసా ఉంచుకోకూడదు, న్యాయంగా పంచాలి, పంపకం ఎలా చేస్తున్నారో రాతపూర్వకంగా చెప్పాలి. అమెరికాలోనూ 2018లో చేసిన సవరణతో యజమానులు, మేనేజర్లు సిబ్బంది టిప్పులు తీసుకోవడం నిషిద్ధమైంది. మన దగ్గర ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. అంతా ఆ హోటల్ మేనేజరు మంచితనం మీద నడుస్తోంది.

మన దగ్గర గొడవంతా సర్వీస్ చార్జీ చుట్టూ నడిచింది. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది: హోటల్ తనంతట తానుగా బిల్లులో సర్వీస్ చార్జీ వేయకూడదు, వేరే పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదు. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్లాయి, కొన్నాళ్లు స్టే నడిచింది, చివరికి 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థిస్తూ తీర్పిచ్చింది. సంఘాలు దాని మీద అప్పీలుకు వెళ్లాయి. బఫే బిల్లులో పది శాతం ముందే కనబడితే తీసేయమని అడగొచ్చు. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అయితే అడిగి తీయించిన డబ్బు మొత్తం జేబులో వేసుకుని వచ్చేస్తే హోటల్ మీద గెలిచినట్టే గానీ, పళ్లేలు తీసినవాడు రెండువైపులా ఓడిపోతాడు. తీయించాక కొంత నేరుగా చేతికివ్వండి.

ఈ మధ్య క్యూఆర్ కోడ్ టిప్పులొచ్చాయి. "చిల్లర లేదు బాబూ" అంటే సర్వరు తన ఫోను చూపిస్తాడు. టేబుల్ మనిషికి ఇది కలిసొచ్చింది. చేతిలో పళ్లేల దొంతర ఉన్నవాడు ఫోనెప్పుడు తీస్తాడు? అందుకే బఫేకి వెళ్లేటప్పుడు నాలుగు ఇరవై నోట్లు జేబులో ఉంచుకోవడం మేలు.

టిప్పు అనగానే తిరుపతిలో ఇంకో రెండు చోట్లు తలపుకొస్తాయి. ఒకటి కొండ మీద తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం. 1985లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైన నిత్యాన్నదానం అక్కడ సాగుతోంది. శ్రీవారి సేవకులు వరసగా వడ్డించుకుంటూ పోతారు. వాళ్లలో ఊళ్లో పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లూ ఉంటారు. అక్కడ ఎవరికైనా పది రూపాయలు చాపితే అవమానించినట్టే. సేవకు వచ్చినవాడికి డబ్బుతో పని లేదు, కూలికి వచ్చినవాడికి ఉంది. కింద ఊళ్లో హోటల్లో "భగవంతుడి ఊరు సార్, సేవే కదా" అని ఎవరైనా యజమాని అంటే నేనైతే నమ్మను.

రెండోది కల్యాణకట్ట. గుండు ఉచితం, డబ్బివ్వొద్దని బోర్డులుంటాయి. అయినా కత్తి తల మీద ఉండగా "స్వామీ, ఏదైనా..." అంటే కాదనే భక్తుడు తక్కువ. 2017లో ఈ కారణంగానే రెండు వందల మందికి పైగా క్షురకులను టీటీడీ పనిలోంచి తప్పించడం పెద్ద దుమారమైంది. టిప్పు మామూలైతే ఏమవుతుందో ఆ ఒక్క ఉదంతం చూపిస్తుంది: ఇచ్చేవాడికి బలవంతం, తీసుకునేవాడికి ఉద్యోగ గండం, జీతం మాత్రం ఉన్నచోటే. బఫే దగ్గర కూడా ఇవ్వాల్సిందేనన్న ఆచారం పాతుకోవాలని నేను కోరుకోను. ఇవ్వనివాణ్ని వింతగా చూసే రోజు రాకూడదు. నేననేది ఒకటే, టేబుల్ దగ్గర ఇచ్చే అలవాటున్న మనిషి బఫే దగ్గర చెయ్యి ముడుచుకోవడానికి మంచి కారణం లేదు.

ఈ ఊరి హోటళ్లలో ఇంకో విశేషం. టిప్పు ఎందుకిస్తారంటే, రేపు మళ్లీ వస్తాం, బాగా చూసుకుంటాడని అంటారు. రోజూ ఒకే మెస్సులో తినేవాళ్ల విషయంలో అది నిజమే. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు" అన్న సామెత ఊరికే పుట్టలేదు. కానీ తిరుపతికి వచ్చే యాత్రికుడు మళ్లీ ఏడాదికో, మొక్కు తీరినప్పుడో వస్తాడు. అదే హోటలుకు, అదే సర్వరు దగ్గరికి రాడు. అయినా ఇస్తాడు. అంటే టిప్పు వెనక లాభం లెక్క ఒక్కటే లేదు. అలాంటప్పుడు బఫే దగ్గర మాత్రం ఆ లెక్క తీయడమెందుకు?

పెళ్లి బఫేల సంగతి వేరు. అక్కడ అతిథి టిప్పివ్వడం మన పద్ధతి కాదు, పిలిచినవాళ్లకు నామోషీ. బంతి భోజనాల చోట బఫే వచ్చాక కౌంటర్ల వెనక నల్ల ప్యాంటు, తెల్ల చొక్కాతో నిలబడేవాళ్లలో చాలామంది కాలేజీ పిల్లలే. ఈవెంటుకింత అని కూలి, రాత్రి పన్నెండయ్యాక ఇంటికెళ్లడానికి బస్సుండదు. పళ్లేల టబ్బుల దగ్గర ఉండే ఆడవాళ్లకు ఆ యూనిఫాం కూడా ఉండదు. వీళ్లకేమైనా ఇవ్వాల్సింది పెళ్లివారే. ఇచ్చేటప్పుడు కవరు కాంట్రాక్టరు చేతికిచ్చి "పిల్లలకు పంచు" అంటే ఎంత పంచుతాడో అతనికే తెలియాలి. అందరినీ ఒకచోటికి పిలిచి, ఎంతమందో లెక్కపెట్టి, వాళ్లందరి ఎదురుగా ఇస్తే మంచిది. టబ్బుల దగ్గరున్నవాళ్లను కూడా పిలవాలి. మామూలుగా వాళ్లను ఎవరూ పిలవరు.